ఆట మీద మనసు విరిగినప్పుడు: క్రీడాకారుల బర్నౌట్, క్రీడాసంస్థల సంస్కృతి

వృత్తి క్రీడాకారుల బర్నౌట్‌కు మూడు లక్షణాలు చెబుతారు. ఒంట్లోనూ మనసులోనూ ఓపిక పూర్తిగా ఇంకిపోవడం మొదటిది. ఎంత గెలిచినా ఏమీ సాధించలేదనిపించడం రెండోది. ఒకప్పుడు ప్రాణం పెట్టి ఆడిన ఆటే విలువలేనిదిగా, ఎవరి కోసమో ఆడుతున్నట్టుగా తోచడం మూడోది. అమెరికా పరిశోధకుడు థామస్ రేడెకె 1997లో ఈతగాళ్లపై చేసిన అధ్యయనంతో ఈ నిర్వచనం స్థిరపడింది. 2001లో అతడు అలాన్ స్మిత్‌తో కలిసి 15 వాక్యాల ప్రశ్నావళి తయారుచేశాడు. ఈ రంగంలో నేటికీ ఎక్కువగా వాడేది అదే. మూడు లక్షణాల్లో మొదటిది విశ్రాంతితో కొంత తగ్గుతుంది. మిగతా రెండూ నాలుగు రోజులు ఇంటిపట్టున ఉంటే పోయేవి కావు. వాటి మూలాలు వెతకాలంటే క్రీడాకారుడితోపాటు అతడు పనిచేసే సంస్థనూ పరీక్షించాలి.

బర్నౌట్ అన్న మాట మొదట మైదానంలో వినిపించలేదు. 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలల్లో ఉత్సాహంగా చేరిన సేవకులు కొన్నాళ్లకే ఎలా ఉడిగిపోతున్నారో వివరిస్తూ ఆ మాట వాడాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు. నర్సులు, టీచర్లు, సామాజిక కార్యకర్తల మీద తొలి పరిశోధనలు జరిగాయి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో బర్నౌట్‌కు చోటిచ్చింది గానీ జబ్బుగా ఇవ్వలేదు. పనిచోట దీర్ఘకాలం కొనసాగి, సరిగా సంభాళించని ఒత్తిడి వల్ల కలిగే వృత్తిపరమైన స్థితి అని రాసింది. క్రీడాసంఘాలవాళ్లు ఈ నిర్వచనాన్ని ఓసారి నింపాదిగా చదవాలి. పనిచోటు అంటూ ఒకటి ఉంటే, దానికి యజమాని కూడా ఉంటాడు.

దగ్గరి చుట్టాల్లాంటి మరికొన్ని స్థితుల నుంచి దీన్ని విడదీసి చూడాలి. ఓవర్‌ట్రైనింగ్ అంటే శిక్షణకు తగ్గ విశ్రాంతి లేక శరీరం కోలుకోలేకపోవడం. ఆట మీద ఇష్టం చెక్కుచెదరకుండానే అది రావచ్చు. ఫామ్ పోవడం స్కోరుబోర్డు మీద కనిపించే సంగతి. బర్నౌట్ అక్కడ దొరకదు. 2019 అక్టోబరు చివర్లో శ్రీలంకపై టీ20 మ్యాచ్‌లో 28 బంతుల్లో 62 పరుగులు చేసిన ఆస్ట్రేలియా బ్యాటర్ గ్లెన్ మ్యాక్స్‌వెల్, అదే వారంలో మానసిక ఆరోగ్యం కోసం ఆట నుంచి విరామం తీసుకున్నాడు. ఆ ఇన్నింగ్స్ చూసినవారికి అతడి లోపల ఏం జరుగుతోందో తెలిసే వీల్లేదు. ఇక కుంగుబాటుకూ బర్నౌట్‌కూ చాలా పోలికలున్నాయి. గీత ఎక్కడ గీయాలన్న దానిపై పరిశోధకులు ఇంకా వాదించుకుంటున్నారు. స్థూలంగా చెప్పాలంటే కుంగుబాటు బతుకంతటినీ కమ్ముతుంది. బర్నౌట్ మొదట్లోనైనా ఆట చుట్టూనే తిరుగుతుంది.

కారణాల మీద నాలుగు వాదాలు

మొదటి వాదం ఒత్తిడిది. మీద పడిన భారానికీ, దాన్ని మోయడానికి తన దగ్గరున్న శక్తికీ పొంతన లేదని క్రీడాకారుడు అనుకుంటూ పోతే చివరికి ఆట నుంచి ముఖం తిప్పుకుంటాడని 1986లో రొనాల్డ్ స్మిత్ ప్రతిపాదించాడు. ఇది నిజమే గానీ, ఒకే శిబిరంలో ఒకే భారం మోసిన ఇద్దరిలో ఒకరే ఎందుకు విరిగిపోతారో దీనితో పూర్తిగా తేలదు.

1992లో సామాజిక శాస్త్రవేత్త జే కోక్లీ దృష్టిని మరోవైపు మళ్లించాడు. టీనేజీలోనే ఆట వదిలేసిన 15 మందితో అతడు మాట్లాడాడు. వాళ్లలో కనిపించినవి రెండు సంగతులు. ఒకటి, ఆట తప్ప వాళ్లకు వేరే గుర్తింపు లేదు. రెండు, ఎప్పుడు లేవాలి, ఏ టోర్నీ ఆడాలి, ఎవరితో ఉండాలి అన్న నిర్ణయాలేవీ వాళ్ల చేతిలో లేవు. ఒత్తిడిని తట్టుకునే చిట్కాలు నేర్పితే ఆ ఏర్పాటుకు పిల్లలు సర్దుకుపోతారు తప్ప ఏర్పాటు మారదన్నది కోక్లీ విమర్శ. మూడు దశాబ్దాలు దాటినా చాలా సమాఖ్యలు ఇప్పటికీ చిట్కాల దగ్గరే ఉన్నాయి.

రేడెకె వాదం దీనికి దగ్గరిది. ఇష్టంతో ఆడేవారికీ, వదల్లేక ఆడేవారికీ తేడా ఉందని అతడు గమనించాడు. రెండో రకంవారే ఎక్కువగా బర్నౌట్‌కు లోనవుతారు. పెట్టిన ఏళ్లు వృథా అవుతాయన్న భయం, ఇంట్లోవాళ్ల ఆశలు, చేతిలో మరో దారి లేకపోవడం వాళ్లను కట్టిపడేస్తాయి. భారతదేశంలో ఈ కట్టు మరింత బిగువుగా ఉంటుంది. పదో తరగతి నాటికే చదువు పక్కన పెట్టి స్పోర్ట్స్ హాస్టల్‌లో చేరిన పిల్లవాడికి రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే గమ్యం. ఆ ఉద్యోగం పతకం మీద ఆధారపడి ఉంటుంది. ఆట చేదెక్కిందని ఒప్పుకుంటే ఒక కుటుంబం లెక్కలన్నీ తారుమారవుతాయి.

నాలుగోది ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్‌ల స్వయం నిర్ణయ సిద్ధాంతం. తన పనిలో తన మాటకు విలువ, చేయగలనన్న నమ్మకం, చుట్టూ ఉన్నవారు తనవాళ్లన్న భావన, ఈ మూడూ దొరికినచోట మనిషి నిలబడతాడు; వీటికి అడ్డుపడేచోట వాడిపోతాడు. కోచ్ తీరుకూ బర్నౌట్‌కూ ఉన్న సంబంధాన్ని వెతికిన పరిశోధనల్లో చాలాభాగం ఈ చూపుతోనే సాగాయి. భయపెట్టి, బుజ్జగింపును ఎరగా వేసి నడిపే శిక్షకుల దగ్గర బర్నౌట్ ఎక్కువనీ, కారణం చెప్పి ఆడించేవారి దగ్గర తక్కువనీ అవి చెబుతున్నాయి.

నాలుగు వాదాల్లో చివరి మూడూ కలిసేచోట ఒకటుంది: భారం ఎంత అన్నదాని కన్నా, ఆ భారం మీద అధికారం ఎవరిది అన్నదే ముఖ్యం. 2022లో బ్రిటన్ పరిశోధకులు రెండు దశాబ్దాల సర్వేలను కలిపి చూసినప్పుడు బయటపడింది కూడా దీనికి సరిపోతుంది. క్రీడాకారుల్లో ఏమీ సాధించలేదన్న భావన, ఆట విలువలేనిదన్న భావన కాలక్రమంలో పెరిగాయి. అలసటలో అలాంటి పెరుగుదల కనిపించలేదు.

గోడ మీద నినాదం, గదిలో రివాజు

సంస్థాగత సంస్కృతిని పరిశోధకుడు ఎడ్గర్ షైన్ మూడు పొరలుగా విడదీశాడు. కంటికి కనిపించేవి పైపొర: యూనిఫాం, పతకాల అద్దాల బీరువా, గోడల మీది నినాదాలు. సంస్థ తన గురించి చెప్పుకునే విలువలు రెండోది. ఎవరూ నోరు తెరిచి చెప్పకపోయినా అందరికీ తెలిసిన నమ్మకాలు అట్టడుగున ఉంటాయి. క్రీడాసంస్థల్లో ఈ మూడో పొరలో సాధారణంగా కనిపించేవి కొన్నే: నొప్పి చెప్పుకున్నవాడు పిరికివాడు, ప్రశ్నించినవాడు పొగరుబోతు, సెలవడిగినవాడికి ఆకలి లేదు. సంక్షేమ విధానం కాగితం మీద ఎంత బాగున్నా ఆటగాడు నడుచుకునేది ఈ మూడో పొరను బట్టే.

ఈ పొరలన్నీ ఒక్కసారిగా బయటపడిన సందర్భం దక్షిణ కొరియా బ్యాడ్మింటన్‌లో దొరుకుతుంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్ ఆడుతూ ఆన్ సె యంగ్ మోకాలికి దెబ్బ తగిలింది. కుంటుతూనే చైనాకు చెందిన చెన్ యుఫెయ్‌పై మూడు గేముల్లో గెలిచి స్వర్ణం తెచ్చింది. కొద్ది వారాల్లో తగ్గుతుందని మొదట చెప్పారు. తర్వాతి పరీక్షల్లో గాయం అంతకన్నా పెద్దదని తేలింది. 2024 ఆగస్టు 5న పారిస్‌లో ఆమె ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. మహిళల సింగిల్స్‌లో కొరియాకు 1996 తర్వాత అదే మొదటిది. దేశమంతా సంబరాల్లో ఉండగా, పతకం అందుకున్న కాసేపటికే ఆమె విలేకరుల ముందు తన గాయాన్ని జాతీయ జట్టు తేలిగ్గా తీసుకుందనీ, ఈ పద్ధతిలో జట్టుతో కొనసాగడం కష్టమనీ చెప్పింది. అప్పటికి ఆమె వయసు 22.

తర్వాత ప్రభుత్వం విచారణకు దిగితే తెలిసిన సంగతులు గాయం కన్నా లోతైనవి. పదిహేనేళ్ల వయసులో జాతీయ జట్టులో చేరిన ఆన్, ఏళ్ల తరబడి సీనియర్ల గదులు ఊడ్చింది, తెగిన రాకెట్ల తీగలు మార్పించింది, వాళ్ల బట్టలూ ఉతికింది. జట్టులో అందరికన్నా చిన్నవాళ్లు ఆ పనులు చేయడం అక్కడి రివాజు. కోచ్‌ల ఆదేశాలకు క్రీడాకారులు లోబడి ఉండాలని సంఘం నియమావళిలోనే రాసి ఉంది. రాకెట్టూ బూట్లూ సంఘం స్పాన్సర్‌వే వాడాలి. రోజంతా కోర్టులో చెమటోడ్చిన అమ్మాయి సాయంత్రం మరొకరి గది తుడవడం శిక్షణ భారం పట్టికలో ఎక్కడా నమోదు కాదు. క్రీడాశాస్త్రం కొలిచే గుండె వేగం, నిద్ర గంటలు, పరుగు దూరం ఆ అవమానాన్ని పట్టుకోలేవు.

ఆ దేశంలో ఇది విడి సంఘటన కాదు. 2020లో కోచ్ హింసను తాళలేక ట్రయథ్లాన్ క్రీడాకారిణి చోయ్ సుక్ హ్యోన్ ప్రాణం తీసుకుంది. అంతకుముందు ఆమె అనేక కార్యాలయాలకు ఫిర్యాదు చేసింది. బ్యాడ్మింటన్ సంఘంలో మార్పు మాత్రం కాస్త త్వరగానే వచ్చింది. విధేయత నిబంధనను తీసేయాలని మంత్రిత్వ శాఖ చెప్పింది. 2025 జనవరి ఎన్నికల్లో పాత అధ్యక్షుడు ఓడిపోయి, ఒలింపిక్ స్వర్ణ విజేత కిమ్ డోంగ్ మూన్ గెలిచాడు. ఆన్ ఆటేమీ తగ్గలేదు. ప్రపంచ నంబర్ వన్‌గా వరసగా టైటిళ్లు గెలుస్తూ వచ్చింది. నోరు విప్పితే జట్టు చెడిపోతుందన్న పాత వాదానికి ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

కఠినంగా ఉండే ప్రతి శిబిరాన్నీ ఈ గాటన కట్టడం తప్పు. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీ ఇందుకు ఉదాహరణ. సికింద్రాబాద్ వైపు నుంచి పి.వి. సింధు తెల్లవారుజామునే రోజూ పదుల కిలోమీటర్లు ప్రయాణించి అక్కడికి చేరేది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె ఫోను కోచ్ పుల్లెల గోపీచంద్ దగ్గరే ఉంది. రియో వెళ్లాక ఆమెకు ఇష్టమైన తీపి పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా ఆపించానని, ఇక ఫోను ఇచ్చేస్తానని, ఏం కావాలన్నా తినవచ్చని ఫైనల్ అయ్యాక గోపీచందే చెప్పాడు. కాగితం మీద చూస్తే ఇవి ఆంక్షలే. కానీ ఆ ఆంక్షలకు కారణం ఆటలోనే ఉంది, గడువు ఉంది, విధించినవాడు కోర్టులో పక్కనే నిలబడ్డాడు. గదులు ఊడ్పించే రివాజుకు వీటిలో ఏదీ లేదు. అయితే అదే అకాడమీలో పెరిగిన సైనా నెహ్వాల్‌కు 2014 నాటికి ఆట వదిలేయాలన్నంత ఆలోచన వచ్చింది. ఆమె బెంగళూరు వెళ్లి కోచ్ విమల్ కుమార్ దగ్గర చేరింది. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది, ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం గెలిచింది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. ఒకరికి సరిపడిన వాతావరణం మరొకరికి ఊపిరాడనివ్వకపోవచ్చు. వెళ్లే దారీ, తిరిగొచ్చే దారీ రెండూ తెరిచి ఉండటమే ఇక్కడ గమనించాల్సింది.

క్యాలెండర్ ఎవరి చేతిలో

సంస్కృతి అనగానే కోచ్‌ల వైపే చూస్తారు గానీ, ఆటగాడి బతుకును ఎక్కువగా శాసించేది టోర్నీల క్యాలెండర్. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2018 నుంచి సింగిల్స్‌లో మొదటి 15 ర్యాంకులవారు ఏడాదికి కనీసం 12 నిర్దేశిత టోర్నీలు ఆడాలని, మానితే జరిమానా అని నిబంధన పెట్టింది. సైనా, స్పెయిన్‌కు చెందిన కరోలినా మారిన్ వంటివారు బహిరంగంగానే విమర్శించారు. టెన్నిస్‌కు ఇది పాత గొడవ. 1982లో ఏడాదికి 10 టోర్నీలు ఆడకపోతే పెద్ద పోటీల్లో కూడా క్వాలిఫయర్ల నుంచి రావాలని బియాన్ బోర్గ్‌కు చెప్పారు. 11 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన అతడు 1983 జనవరిలో, 26 ఏళ్లకే రిటైర్మెంట్ ప్రకటించాడు. ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల సంఘం యూరప్ విభాగం, యూరప్ లీగ్‌లు కలిసి 2024 అక్టోబరులో ఫిఫా క్యాలెండర్‌పై యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి.

క్రికెట్ లెక్క మరీ విచిత్రం. 2024 ఐపీఎల్‌లో 74 మ్యాచ్‌లు. ఫైనల్ మే 26న ముగిస్తే వారం తిరగకుండానే టీ20 ప్రపంచకప్ మొదలైంది. కొవిడ్ కాలంలో బయటికి వెళ్లనివ్వని బబుల్ బతుకు దీన్ని ఇంకా ఇరుకు చేసింది. 2021 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్ చేతిలో ఓడాక జస్‌ప్రీత్ బుమ్రా, ఆరు నెలలుగా ఇంటికి దూరంగా ఉన్నామని, విరామం కావాలనిపిస్తుందని చెబితే, ఓటమికి సాకులు వెతుకుతున్నారన్న విమర్శలూ వచ్చాయి. అదే ఏడాది ఇంగ్లండ్ క్రికెటర్ బెన్ స్టోక్స్ నిరవధిక విరామం తీసుకున్నాడు.

విరామం అడిగినవారికి సంస్థలిచ్చే జవాబులోనే వాటి అసలు స్వభావం తెలుస్తుంది. 2006లో ఇంగ్లండ్ ఓపెనర్ మార్కస్ ట్రెస్కోథిక్ భారత్ పర్యటన మధ్యలో ఇంటికి వెళ్లిపోయినప్పుడు వైరస్ సోకిందన్న కథ బయటికొచ్చింది. ఆందోళన, కుంగుబాటు అని అతడు తన ఆత్మకథలో రాయడానికి 2008 దాకా పట్టింది. 2021లో ఫ్రెంచ్ ఓపెన్‌లో విలేకరుల సమావేశాలకు రానన్న నవోమి ఒసాకాకు 15,000 డాలర్ల జరిమానా పడింది. టోర్నీ నుంచి పంపేయవచ్చన్న హెచ్చరిక కూడా అందింది. ఆమె తనే వెళ్లిపోయింది. మన దగ్గర 2023 డిసెంబరులో ఇషాన్ కిషన్ దక్షిణాఫ్రికా పర్యటన నుంచి వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడు. 2024 ఫిబ్రవరి నాటి వార్షిక కాంట్రాక్టుల జాబితాలో అతడి పేరు లేదు. దేశవాళీ క్రికెట్ ఆడకపోవడం మీద బోర్డుకు ఉన్న అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. కానీ డ్రెస్సింగ్ రూమ్‌లోని కుర్రాళ్లకు అందిన సందేశం అది కాదు. సెలవడిగితే కాంట్రాక్టు పోతుందన్నదే వాళ్లకు అర్థమయ్యేది.

నోరు విప్పనివ్వని సంస్కృతికి అట్టడుగు మెట్టు అమెరికా జిమ్నాస్టిక్స్. జాతీయ శిబిరం టెక్సాస్‌లోని మారుమూల పశువుల క్షేత్రంలో, తల్లిదండ్రులకు ప్రవేశం లేకుండా నడిచింది. జట్టు వైద్యుడు లారీ నాసర్ అక్కడా ఇతర చోట్లా ఏళ్ల తరబడి బాలికలపై లైంగిక అకృత్యాలకు పాల్పడ్డాడు. 2018లో అతడికి శిక్ష పడేటప్పుడు 150 మందికి పైగా బాధితులు కోర్టులో గొంతు విప్పారు. మౌనాన్ని క్రమశిక్షణగా నేర్పిన సంస్థే అతడికి రక్షణ అయింది. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఆ శిబిరానికి ఇక వెళ్లలేనని రాసిన కొద్ది రోజులకే దాన్ని మూసేశారు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జూలైలో గాలిలో తన శరీరం ఎక్కడుందో తెలియని స్థితి వచ్చినప్పుడు ఆమె టీమ్ ఫైనల్ మధ్యలో ఆగిపోయింది. పాత పద్ధతిలోనైతే ఆమెను ఆడించేవారు. ఈసారి ఆగనిచ్చారు. పారిస్‌లో ఆమె మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది.

ఏం పనిచేసింది

నిబంధన మారితే ఫలితం మారుతుందనడానికి మంచి ఆధారం మహిళల టెన్నిస్‌లో ఉంది. జెన్నిఫర్ కాప్రియాటి 13 ఏళ్లకే ప్రొఫెషనల్ అయి, టీనేజీ దాటకుండానే ఆటకు దూరమైంది. ఆ అనుభవం తర్వాత 1990ల మధ్యలో మహిళల టెన్నిస్ సంఘం 18 ఏళ్లలోపువారు ఆడగల టోర్నీల సంఖ్యకు పరిమితి పెట్టింది. చిన్న వయసులోనే ఆట మానేసేవారు ఆ తర్వాత బాగా తగ్గారని సంఘం వైద్య సలహాదారుల సమీక్షలో తేలింది. ఇందులో ఏ అమ్మాయికీ ధ్యానం నేర్పలేదు. పెద్దల దురాశకు గట్టు కట్టారంతే.

న్యూజిలాండ్ రగ్బీ తన కెప్టెన్ రిచీ మెకాకు 2013లో నెలల తరబడి విశ్రాంతి ఇచ్చింది. 2015 ప్రపంచకప్‌ను జట్టు అతడి నాయకత్వంలోనే గెలిచింది. యాష్లీ బార్టీ 18 ఏళ్లకు టెన్నిస్ మానేసి బ్రిస్బేన్ హీట్‌కు క్రికెట్ ఆడింది. తిరిగి వచ్చి మూడు సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి, 2022లో నంబర్ వన్‌గా ఉండగానే 25 ఏళ్లకు తన ఇష్టంతో వీడ్కోలు చెప్పింది. నార్వే చిన్నపిల్లల ఆటల్లో ర్యాంకులూ జాతీయ చాంపియన్‌షిప్‌లూ లేకుండా చేసింది. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అగ్రస్థానంలో నిలిచింది. పతకాలకు అదొక్కటే కారణమనడం అతిశయోక్తి. పిల్లల్ని పిండకపోతే పతకాలు రావన్న మాట మాత్రం నిలవదు.

జట్టుకు ఒక మనస్తత్వవేత్తను నియమించడం ఇప్పుడు అందరూ చేసే పని. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మానసిక ఆరోగ్యంపై మార్గదర్శిని విడుదల చేసింది. బీజింగ్ స్వర్ణం తర్వాత తనను ఆవరించిన శూన్యం గురించి దాపరికం లేకుండా మాట్లాడిన షూటర్ అభినవ్ బింద్రా ఈ కృషిలో పాలుపంచుకున్నాడు. ఇవన్నీ అవసరమే. అయితే ఆ నిపుణుడు చెప్పింది సెలక్టర్ల చెవిన పడుతుందన్న అనుమానం ఉన్నంతకాలం ఏ ఆటగాడూ అతడి గది తలుపు తట్టడు. అతడికి జీతమిచ్చే చేయీ, జట్టును ఎంపిక చేసే చేయీ ఒకటి కాకూడదు.

పరిశోధనకూ పరిమితులున్నాయి. దొరికే అధ్యయనాల్లో చాలావరకు పాశ్చాత్య దేశాల విద్యార్థి క్రీడాకారులవి. అగ్రశ్రేణి ప్రొఫెషనల్స్ ప్రశ్నావళులకు చిక్కరు. 2007లో స్వీడన్ యువ క్రీడాకారుల్లో 1 నుంచి 9 శాతం మందిలో ఏదో ఒక బర్నౌట్ లక్షణం ఎక్కువగా కనిపించిందన్న లెక్క తరచూ వినిపిస్తుంది. కానీ అప్పటికే ఆట మానేసి వెళ్లిపోయినవారు ఇలాంటి లెక్కల్లోకి రారు. సంస్కృతి బర్నౌట్‌ను తెస్తుందా, బర్నౌట్‌కు లోనైనవారికి సంస్కృతి చెడ్డగా కనిపిస్తుందా అన్నది ఒక్కసారి చేసిన సర్వేతో తేలదు. కబడ్డీ, కుస్తీ, బాక్సింగ్ వంటి ఆటల్లో మన హాస్టళ్ల పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసే పని భారత్‌లో జరగాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం ప్రతి సమాఖ్యలోనూ క్రీడాకారుల కమిటీ ఉండాలని, కార్యవర్గంలో క్రీడాకారులకు చోటివ్వాలని, సురక్షిత క్రీడా విధానం అమలు చేయాలని చెబుతోంది. ఆ కుర్చీల్లో కూర్చునేవారికి టోర్నీల క్యాలెండర్ మీద, జట్టు వైద్యుడి నియామకం మీద, విరామం అడిగే హక్కు మీద ఓటు ఉంటే ఈ చట్టం పనికొస్తుంది. లేకపోతే సమాఖ్యల లెటర్‌హెడ్ మీద మరో నాలుగు పేర్లు చేరతాయి, అంతే.